లక్క మీద కూర్చోబెట్టిన రాళ్లు

మా అక్క మొగుడు కడ్డీలు కట్టే పనిలో అందరికంటే నెమ్మది, అందరికంటే శుభ్రం. మస్కట్ పక్కన సీబ్ దగ్గర విమానాశ్రయానికి ఇవతల మా కంపెనీ వరసగా విల్లాలు కడుతున్న రోజులవి. డెబ్బైల్లో సగం దాటిపోయింది. ఫోర్‌మన్‌కు శుభ్రంతో పనిలేదు, వేగం కావాలి. బావ మాత్రం పునాది గుంటలో కూర్చుని ఒక్కొక్క ముడినీ రెండుసార్లు తడిమి చూసుకుని గానీ పక్క ముడికి పోయేవాడు కాదు. "ఏంది బావా, పిల్లర్‌కు పుస్తెలతాడు చేస్తున్నవా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. బావమరిదిని గనక ఆ హక్కు నాకుంది.

ఎగతాళి ఎందుకంటే మేము అవుసుల వాళ్లం. జగిత్యాల దగ్గర మా రెండిళ్లలోనూ తాతల నాటి నుంచి బంగారం పనే. మా నాన్న ముందుచూపు ఉన్నవాడు, నన్ను కుంపటి ముందు కూర్చోనివ్వకుండా బడికి తోలాడు. అందుకే నేను స్టోర్ కీపర్‌నయ్యాను. బావ కుంపటి ముందే పెరిగాడు. అందులోనూ రాళ్లు పొదిగే పని. ఆయన ముక్కుపుడకలో ఎర్రరాయి కూర్చోబెడితే ఆ రాయి అక్కడే పుట్టిందనుకునేవారు. సర్కారు బంగారం మీద ఆంక్షలు పెట్టినప్పటి నుంచి దుకాణాలు ఒక్కటొక్కటే చచ్చాయి. మా వీధిలో ఒకాయన చాయ్ కొట్టు పెట్టాడు. ఒకాయన బస్సు కండక్టరయ్యాడు. ఇంకొకాయన ఏం చేసుకున్నాడో ఇక్కడ రాయను. బావ చాలా ఏళ్లు వెండి మట్టెలతో నెట్టుకొచ్చి, చివరికి నేను పంపిన వీసా మీద మస్కట్ విమానమెక్కాడు.

రెండేళ్ల ఇనుప పనికి ఆయన వేళ్లు మారిపోయాయి. సిమెంటుకు పగిలి, బైండింగ్ వైరుకు కోసుకుని, మళ్లీ మానిన చోట చర్మం కాయకట్టింది. అల్ హైల్‌లో మా రూమ్‌లో అన్నం తింటూ ఒకరోజు, "వేడి తెలుస్తలేదు రా, అన్నం వేడో సల్లదో నోట్లెవెట్టుకుంటేనే ఎర్కైతున్నది," అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

వరసలో మొదట పూర్తయిన విల్లాలో కన్సల్టెంటు ఇంజనీరు, ఆయన భార్య దిగారు. ఇంగ్లీషువాళ్లు. వాళ్ల ప్రహరీ గోడకు పునాది వేస్తుంటే మంచినీళ్లు అడిగి వస్తానని బావ వరండాలోకి వెళ్లాడు. ఎంతకీ రాలేదు. నేను చూడబోతే కిటికీ అద్దానికి నుదురు ఆనించి నిలబడి ఉన్నాడు. పరాయి ఇంట్లోకి తొంగిచూడటమేమిటని నాకు ఒళ్లు మండింది. రెక్క పట్టి లాగబోయి, నేనూ చూశాను.

లోపల బల్ల మీద ఒక కిరీటం ఉంది. మన గుళ్లలో చూసే కోసుగా పైకి లేచిన కిరీటం కాదు. తలకు పూర్తిగా దిగే టోపీలాంటిది, రాగిది, దాని మీద బంగారు పూత. చుట్టూ ఆకుల ఆకారంలో రేకులు, ఒక్కో రేకు మీద కళ్లు మూసుకున్న ఒక చిన్న ముఖం. వాటి మధ్య నీలిపచ్చ ఫిరోజాలు, పగడాలు, స్ఫటికాలు, నల్లగా కనబడే ఎర్రరాళ్లు. నాకు కనబడినవి ఇవి. బావకు ఖాళీలు కనబడ్డాయి.

"రాళ్లు ఊడినయ్ రా," అన్నాడు. "నేను పెడ్తనని చెప్పు ఆమెకు."

"పిచ్చా నీకు? మనం గోడ కట్టేటోళ్లం."

"జర చెప్పు రా. ఒక్కపారి. నా చేతిల ఇంక పని ఉన్నదో పొయ్యిందో నాకు ఎర్క కావాలె."

తలుపు తట్టాను.

మేడం ముందే వరండాలో మా గొడవ విన్నట్టుంది. పొట్టి జుట్టు, ఎండకు కందిన ముఖం, నవ్వితే మంచి మనిషి. ఇక్కడికి రాకముందు భర్త రోడ్ల పని మీద వాళ్లు ఖాట్మండులో ఉన్నారట. అక్కడ ఒక పాత సామాన్ల దుకాణంలో కొన్నదట. ఆరేడు వందల ఏళ్ల నాటిదని దుకాణం వాడు చెప్పాడట. ఇల్లు మారిన ప్రతిసారీ ఒకటో రెండో రాళ్లు రాలాయి, అన్నీ ఒక పొగాకు డబ్బాలో దాచాను అని తెచ్చి చూపించింది. నేను వచ్చీరాని ఇంగ్లీషులో మా బావ ఇంటి పని గురించి చెప్పాను. ఆమె బావ చేతులకేసి చూసింది. ఆ చేతులు చూసి పొమ్మంటుందనుకున్నాను. సరేనంది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ముత్రా బజారులో ఒక కచ్చీ సేటు దగ్గర తాను వెండి సామాను కొంటుంటాననీ, పని బాగా కుదిరితే ఆయనకు చూపించి బావను అక్కడ పెట్టించమని అడుగుతాననీ, కంపెనీని వదిలించే సంగతి తన భర్త చూసుకుంటాడనీ చెప్పింది. నేను ఇదంతా తెలుగులో చెబుతుంటే బావ ముఖం చాటంత అయింది.

శుక్రవారాలు మాకు సెలవు. ఆ రోజుల్లో పొద్దున్నే కంపెనీ పికప్‌లో సీబ్ దాకా వెళ్లి ఆ వరండాలో కూర్చునేవాళ్లం. సామాను ఆయనే తయారుచేసుకున్నాడు. గొడుగు ఊచను సానపట్టి మొన చేశాడు. ఇత్తడి గొట్టాన్ని వంచి ఊదుగొట్టం చేశాడు. రాళ్లు పట్టుకునే చిన్న శ్రావణం, లక్క ముద్ద మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్నవి, రెండేళ్లుగా ట్రంకు పెట్టెలో బట్టల అడుగున ఉన్నవి. "ఇవెందుకు తెచ్చినవ్ బావా, ఇక్కడ ఒంటెలకు ముక్కుపుడకలు చేద్దామనా?" అన్నాను. "ఉండనీ తియ్," అన్నాడు.

పని మొదలుపెట్టే ముందు దీపానికి దండం పెట్టి, వస్తువును యజమానురాలి చేతికిచ్చి, ఆమె చేతి మీదుగా మళ్లీ తీసుకున్నాడు. మా ఇళ్లలో అది పద్ధతి. నగ తనంతట తాను కంసాలి ఒళ్లోకి రాకూడదు, ఇచ్చేవాళ్లుండాలి, ఇచ్చినవాళ్లకు తిరిగి అడిగే హక్కుండాలి. మేడంకు ఏమీ అర్థం కాకపోయినా రెండు చేతులా ఇచ్చింది. నేను మాత్రం ఊరుకోకుండా, "అమ్మ బంగారంలో గూడ పిసరు తీస్తడంటరు అవుసులాయన, జాగ్రత్త మేడం," అని తెలుగులో అన్నాను. బావ శ్రావణంతో నా మోకాలి మీద ఒక్కటిచ్చాడు. చాలా రోజుల తర్వాత ఆయన అంత హుషారుగా ఉండటం చూశాను.

రాళ్లు ఊడిన గూళ్లలో పాత లక్క ఎండి పొడిపొడిగా ఉంది. "సూడు, గా దేశంల గూడ మనోడే," అన్నాడు గొణుగుతున్నట్టు. అంటే ఆ మొదటి పనివాడూ లక్క మీదే రాళ్లు పెట్టాడన్న మాట. తిరగేసి లోపలి వైపు చూపించాడు. అంచు చుట్టూ నల్లగా జిడ్డు చార ఉంది. నూనె, చెమట. నేను దేవుడి కిరీటమనుకున్నాను, బావ కూడా అదే అనుకున్నాడు. మేడంను అడిగితే కాదంది. అక్కడి పూజారులు పూజ చేసేటప్పుడు తమ తల మీద పెట్టుకుంటారట, తండ్రి నుంచి కొడుక్కు వస్తుందట.

"మరి దుకాణానికెట్ల వచ్చింది?" అని అడిగాడు బావ.

మేడం భుజాలు ఎగరేసింది. ఆమెకు తెలియదు. బావ కాసేపు పని ఆపి ఆ చారనే చూస్తూ కూర్చున్నాడు. "ఎవలో అమ్ముకున్నరు రా, తిననీకి లేక," అన్నాడు. తర్వాత ఆ వైపు గుడ్డతో కూడా తుడవలేదు. బయటి మట్టి మాత్రం మెత్తని కుంచెతో దులిపాడు.

ఒక శుక్రవారం మేడం కెమెరా తెచ్చి, కిరీటం పెట్టుకో, ఫోటో తీస్తానంది. బావ చెవులు పట్టుకున్నంత పనిచేశాడు. పని జరుగుతున్న వస్తువును చేసేవాడు ఒంటి మీద వేసుకోకూడదని మా ఇళ్లలో పట్టింపు. చివరికి కిరీటం ఒళ్లో పెట్టుకుని, చేతులు వెనక దాచుకుని కూర్చున్నాడు. చేతులు కనబడాలని ఆమె అంటే తల అడ్డంగా ఊపాడు. ఆ ఫోటో మాకెప్పుడూ చేరలేదు.

రాయిని ఎలా పెడతారో నేను చిన్నప్పుడు చూసినదే. గూట్లో లక్క కరిగించి పోస్తారు, మెరుపు రేకు ముక్క వేస్తారు, రాయిని కూర్చోబెడతారు, చల్లారాక గూటి అంచును మొనతో రాయి మీదకు వంచి మూస్తారు. బావ లక్కలో కొంచెం మైనం కలిపాడు. పాత పూతకు ఎక్కువ వేడి తగిలితే గుల్లలు లేస్తుందని ఆయన భయం, అందుకని తక్కువ మంటకే కరిగేలా చేసుకున్నాడు. రాళ్లు ఒక్కొక్కటే గూట్లోకి చేరాయి. కానీ అంచు మూసే దగ్గర ఆగిపోయాడు. గొడుగు ఊచ మొనను అంచు మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, మళ్లీ తీసేశాడు. వేళ్లు లుంగీకి తుడుచుకుని మళ్లీ ఆనించాడు, మళ్లీ తీసేశాడు.

"ఏమైంది బావా?"

"అంచు పల్చగున్నది. వంచితే ఇరుగుతది. వద్దుతియ్, లక్కే పట్టుకుంటది."

పెద్ద పనివాడు, ఆయనకు తెలియదా అనుకున్నాను. ఎండలు ముదరకముందే పని అయిపోయింది. కిరీటాన్ని తలకిందులు చేసి, బిడ్డను ఆడించినట్టు ఊపి చూపించాడు. ఒక్క రాయి కదల్లేదు. మేడం చప్పట్లు కొట్టింది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, నాకు గర్వంగా అనిపించింది.

ఆ తర్వాతి రోజుల్లో బావ గోళ్లు కత్తిరించుకున్నాడు. పడుకునే ముందు వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని, ఉతికిన గుడ్డలు చుట్టుకునేవాడు. సైట్‌లో ఫోర్‌మన్ తిడితే పట్టించుకునేవాడు కాదు. ఊళ్లో మా వీధి మనిషి ఒకాయన సెలవు మీద ఊరికి పోతుంటే, "మా ఇంట్ల చెప్పు, మళ్ల పనిల కూసుంటున్నా అని," అని కబురు పంపాడు. సేటు ఇంకా చూడనే లేదు బావా, కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టినట్టు ముందే ఎందుకు కూస్తావని నేను కసురుకున్నాను. సామెత అక్కడ అతకదని ఆయన నన్నే వెక్కిరించాడు.

జూన్‌లో మేడం పిలిపించింది. డ్యూటీ అయ్యాక స్నానం చేసి, ఉతికిన చొక్కాలు వేసుకుని వెళ్లాం. కిరీటం బల్ల మీద ఒక పాత పేపరు పరిచి పెట్టి ఉంది.

ఏమైందో ఆమె ఏమీ దాచకుండా చెప్పింది. సేటుకు చూపిద్దామని ముత్రా తీసుకెళ్లింది. ముందు వేరే సామాను కొనుక్కోవాలని, కిరీటాన్ని పెట్టెలో పెట్టి కారు వెనక సీటు మీద వదిలి, కిటికీలు మూసి, సముద్రపు ఒడ్డున ఎండలో కారు నిలిపి బజార్లోకి వెళ్లింది. మస్కట్ జూన్ ఎండలో మూసిన కారంటే పొయ్యి మీద మూకుడే. తిరిగొచ్చి, పెట్టె తీసుకెళ్లి సేటు ముందు తెరిస్తే లక్క కరిగి కారి ఉంది. రాళ్లు గూళ్లలోంచి జారి కింద పడ్డాయి. కొన్ని పగడాలు ఆ చిన్న ముఖాల మీద అంటుకుని ఉన్నాయి. పాత రాళ్లు, ఆ దేశపు పనివాడు అంచు మూసి పెట్టినవి, ఎక్కడివక్కడే ఉన్నాయి. బావ పెట్టినవే జారాయి.

జగిత్యాలలో నగ మెడలో ఉంటుంది, లేదా నడిమింట్లో సందూకు పెట్టెలో ఉంటుంది. దాన్ని ఎవరైనా ఎండలో ఉడకబెడతారని ఏ అవుసులాయన అనుకుంటాడు? నాకు ఆమె మీద కోపం వచ్చింది. సేటు ఏమన్నాడని అడిగాను. ఏమీ అనలేదట, నవ్వి పెట్టె మూశాడట.

బావ బల్ల దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. ముట్టుకోలేదు. "మళ్ల చేస్తనని చెప్పు," అన్నాడు. "లక్క తీసేసి, అంచులు మూసి ఇస్తనని చెప్పు."

చెప్పాను. మేడం ఆయన భుజం తట్టింది. హిందీలో, కోయీ బాత్ నహీ, నువ్వేం బాధపడకు అంది. వాళ్లు ఎలాగూ సంవత్సరాంతానికి తమ దేశం వెళ్లిపోతున్నారట, అక్కడ ఇలాంటివి అతికించడానికి మంచి జిగురులున్నాయట, తెలిసినవాళ్లున్నారట. పాపం, నీకు చేతనైనంత చేశావు అంది. లోపలికి వెళ్లి ఒక బిస్కట్ల డబ్బా, భర్తవి రెండు పాత చొక్కాలు తెచ్చి బావ చేతుల్లో పెట్టింది. ఆమె నిజంగా దయతోనే చేసింది. ఆ దయను నేను ఈ రోజుకీ క్షమించలేదు.

బావ నావైపు తిరిగాడు. "తిట్టమను రా."

"ఏంది?"

"నన్ను తిట్టమను. వస్తువు కరాబు చేసిన గద. అడగమను."

దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పను? మా ఊళ్లో ముక్కుపుడక వంకరపోతే చాలు, ఆడవాళ్లు దుకాణం ముందు నిలబడి ఏడు తరాలనూ తవ్వి పోస్తారు. నీ చేతులు పడిపోను అంటారు. నా సొమ్ము నాకు సరిగ్గా చేసివ్వు, అప్పటిదాకా గడప దిగను అంటారు. అంతా అయ్యాక అదే వస్తువు మళ్లీ ఆ చేతిలోనే పెట్టిపోతారు. ఎందుకంటే వాడు పనివాడు, వాడి దగ్గర అడగాల్సింది ఉంది. కూలివాడినైతే ఓదార్చి, తినడానికేదో ఇచ్చి పంపేస్తాం. "ఆయనకు బాధగా ఉంది మేడం," అని మాత్రం చెప్పగలిగాను. అయ్యో అని ఆమె ఇంకోసారి భుజం తట్టింది.

పికప్ కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. సముద్రం వైపు నుంచి తడి వేడి కొడుతోంది. బావ రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"అంచు పల్చగ లేకుండె రా."

నేను ఆయన వైపు తిరిగాను.

"మంచిగనే ఉండె. నా వేలుకే తెలుస్తలేదు, ఎంత ఒత్తుతున్ననో. పట్టు దొరకలె. ఎక్కువ ఒత్తితే రాయి పలుగుతదని బుగులైంది. గందుకే మూయలె."

ఎండ తప్పు బావా, కారు తప్పు బావా అన్నాను. ఆయన వినలేదు. ఆ బిస్కట్లు రూమ్‌లో అందరికీ పంచాడు. చొక్కాలు నాకిచ్చాడు.

ఆ వారమే మా వీధి ఆయన సెలవు ముగించుకుని తిరిగొచ్చాడు. అక్క సకినాలు కట్టి పంపింది. కబురు వినగానే అక్క మూతపడిన దుకాణం గది తలుపులు తెరిపించిందట. గోడలకు సున్నం వేయించి, అటక మీది నుంచి ఇనుప దాగలి దిమ్మె, సుత్తెలు దింపి, తుడిచి బొట్టు పెట్టిందట. సెలవుకు వచ్చినప్పుడు నాలుగు రోజులైనా మనింట్లో కుంపటి రాజెయ్యాలె అని చెప్పి పంపిందట. వచ్చినాయన ఇదంతా నవ్వుతూ చెబుతుంటే బావ సకినం ముక్క విరిచి నోట్లో పెట్టుకుని తల ఊపుతూ కూర్చున్నాడు. "మంచిగ చేసింది," అన్నాడు. సకినాల గురించి అన్నాడో, గది గురించి అన్నాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నాకు ఏడుపొచ్చి చెయ్యి కడుక్కునే నెపం మీద లేచిపోయాను.

విల్లాల పని అయిపోయాక మమ్మల్ని సమాయిల్ అనే ఊరికి పంపారు. ఖర్జూరపు తోటల అవతల ఏదో బడి కడుతున్నారు. అక్కడికి కొత్తగా వచ్చినవాళ్లలో సిరిసిల్ల మనిషి ఒకడున్నాడు, బావ ఈడువాడే. ఇనుము ఎప్పుడూ ముట్టనివాడు. మధ్యాహ్నం తిండి దగ్గర మా మాట విని సంబరపడి పక్కన చేరాడు. తాను మగ్గం నేసేవాణ్ణని చెప్పాడు. ఏ చీర నేసేవాడో, అంచుకు ఏ రంగు వేసేవాడో, అడగకపోయినా అన్నీ చెప్పుకొచ్చాడు. అంతా చెప్పి బావను అడిగాడు.

"మరి నువ్వన్నా? ఊళ్లె ఏం పని చేస్తుంటివి?"

"రాడ్ పనే," అన్నాడు బావ.

"గదే, ఇక్కడ రాడ్ పనే. ఊళ్లె?"

"ఊళ్లె గూడ గిదే."

అసలు సంగతి నా నోటి దాకా వచ్చింది. బావ నావైపు చూశాడు. నన్ను బావమరిదీ అని పిలిచి ఆటపట్టించే ఆ మనిషి కళ్లలో, చెప్పకు అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. నేను కింద పెట్టిన గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

తిండి అయ్యాక డ్యూటీ మొదలైంది. సిరిసిల్ల మనిషికి తీగ మెలిపెట్టడం రావడం లేదు, ముడి వదులైపోతోంది. బావ గుంటలోకి దిగి, అతని చేతిలోంచి కొక్కెం తీసుకుని, ఎంత బిగించాలో చూపించాడు.